రెండు పక్కలా చెరో సూది

డ్రైవింగ్ స్కూలు కారు,
శిష్యుడి పక్క సీటు నుంచి

వదిన గారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం అని రాద్దామంటే ఇక్కడున్నది నేనొక్కణ్ణే. నేను క్షేమం. కారు మాత్రం క్లచ్చు అరిగిపోయి మూలుగుతోంది. పాఠానికి రావలసిన లెక్కల మాస్టారు ఇంకా రాలేదు, అందుకని డాష్‌బోర్డు మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే అది నా తప్పు కాదు. బల్ల మీద రాసినప్పుడు మాత్రం ఏం బాగుండేవిలెండి.

ఉత్తరం చూసి కంగారుపడకండి. ఇది ఫోన్లో చెప్పే మాట కాదు. మీ ఫోను ఎప్పుడు చూసినా మీ మనవరాలు పాప చేతిలో ఉంటుంది, లేదా మీ అమ్మాయి స్పీకర్లో పెట్టి వంట చేసుకుంటూ ఉంటుంది. పోయినసారి నేను "ఏం వదినా" అన్నానో లేదో, అవతలి గదిలోంచి మీ అల్లుడు "బాగున్నారా బాబాయ్ గారూ" అన్నాడు. అందుకే మీరు పనిచేసే హోటల్‌కి రాస్తున్నాను. దుప్పట్ల మధ్య కూర్చుని చదువుకోండి.

మొన్న మన క్లినిక్‌కి వెళ్ళాను. ఆ బల్ల అలాగే ఉంది వదినా. మీరు అమ్మాయి దగ్గరికి వెళ్ళకముందు, మొదటిసారి దాని మీదే, హెచ్‌ఐవీ విభాగం అన్న బోర్డు కింద నేను పేపరు అడ్డం పెట్టుకుని, పక్కనెవరో ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నాం. నర్సు వరసగా రెండుసార్లు ఒకటే ఇంటిపేరు పిలిచింది. పేపరు కిందికీ కొంగు పక్కకీ జరిగి, మన కుటుంబ గౌరవాలు రెండూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. మీకు అన్నయ్య వల్ల వచ్చింది, నాకు నా ఘనకార్యం వల్ల వచ్చింది. ఆ రోజు మీరు ఏడవబోయి నవ్వారు. ఆ నవ్వు మీద ఇన్నేళ్ళు బతికాను.

సరే, అసలు సంగతి. రోజూ మాత్ర మింగే పని లేకుండా రెండు మందుల జోడీ ఇంజెక్షన్ వచ్చిందట. మొదటి రెండు డోసులకీ మధ్య నెల, ఆ తర్వాత రెండు నెలలకోసారి. మందు కండలో నిలవుండి కొంచెం కొంచెంగా ఒంట్లోకి దిగుతుందట. తారీఖు మాత్రం తప్పకూడదు. రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గింది కాబట్టి నాకు ఇవ్వచ్చు అన్నాడు డాక్టరు. ఇంకేమైనా సందేహాలున్నాయా అని అడిగితే నేను అడిగింది ఒకటే, సూది ఎంత పొడుగుంటుంది అని. కొత్తవాళ్ళు లారీకి ఎదురుగా పోనిస్తున్నా చెక్కు చెదరకుండా కూర్చునే మనిషిని నేను. సూది మాటెత్తితే తలుపు ఎక్కడుందో చూసుకుంటాను.

మీరూ మీ డాక్టర్ని అడగండి. ఇద్దరం కలిసి మారదాం. పొద్దున టిఫిన్ అయ్యాక నేను మాత్ర వేసుకుని ఒక రింగిచ్చి కట్ చేయటం, మీరు వేసుకుని ఒక రింగివ్వటం, ఈ డ్యూటీ నుంచి ఇద్దరం ఒకేసారి రిటైరవుదాం. మీరు మారకపోతే నేనూ మారను. ఇది ఖాయం.

మాస్టారు వచ్చేశారు. హెల్మెట్ పెట్టుకుని వచ్చారు, కారు నేర్చుకోవటానికి.

మీ మరిది

*

హోటల్ లినెన్ గది,
ఇస్త్రీ మిషను పక్కనున్న స్టూలు

మరిదికి వదిన ఆశీస్సులు.

నీ ఉత్తరం మా సూపర్వైజరు స్వయంగా తెచ్చిచ్చాడు. "ఏమ్మా, ప్రేమలేఖా?" అన్నాడు. ఈ మొహానికి అదొక్కటే తక్కువ నాయనా అన్నాను. ఇక్కడ చేరాక నాకొచ్చిన మొదటి ఉత్తరం కదా, గది గదంతా తొంగి చూసింది. దిండు గలీబులో పెట్టుకుని చదివాను.

ఇంజెక్షన్ మాట వినగానే నాకు ముందు గుర్తొచ్చింది ఉప్పు. నవ్వకు. నా మాత్రలు బీపీ మాత్రలని మా అమ్మాయికి చెప్పాను కదా. సీసా మీద కాగితం గీకేసి నేనే బీపీ అని అంటించాను, ఎంత తెలివైనదాన్నో అని మురిసిపోయాను కూడా. అప్పటినుంచి అది నాకు ఉప్పు లేని కూర విడిగా వండుతోంది. లేని బీపీకి ఇన్నాళ్ళుగా చప్పిడి తిండి తింటున్నాను. సీసా మాయమైతే బీపీ నయమైందని చెప్పి కడుపునిండా తినచ్చు.

అసలు భయం నీకు తెలుసు. పాప. పొద్దున అమ్మాయి ఉద్యోగానికి వెళ్ళేదాకా, సాయంత్రం నేను పని నుంచి వచ్చాకా పాప నా చంకలోనే ఉంటుంది. ఎత్తుకుంటే అంటదని నాకు తెలుసు, నీకు తెలుసు, డాక్టరు ఒట్టేసి చెప్పాడు. అమ్మాయికి ఎవరు చెప్తారు? ఒకసారి టీవీలో ఈ జబ్బు మాట వస్తే రిమోట్ తీసుకుని ఛానెల్ మార్చేసింది. తెలిస్తే పాపని నా ఒళ్ళో పెట్టదేమోనన్న భయంతో రోజూ చస్తున్నాను. ఇంట్లో సీసా లేకపోవటమంటే నాకు ఆ భయం లేకపోవటమే.

ఈ వారమే అడుగుతాను. నువ్వు నాకోసం ఆగకు. "మీరు మారకపోతే నేనూ మారను" ఏమిట్రా, చిన్నపిల్లాడివా? నెత్తి మీద ఉన్న నాలుగు వెంట్రుకలూ తెల్లబడ్డాయి, ఇంకా వదిన కొంగు పట్టుకుని ఆస్పత్రికి వెళ్తానంటావు. వెళ్ళి పొడిపించుకో. కెవ్వుమని అరవకు, మన ఇంటిపేరు వాళ్ళకి తెలుసు.

మీ వదిన

*

డ్రైవింగ్ స్కూలు ఆఫీసు,
నిలబడి రాస్తున్నాను

వదిన గారికి నమస్కారాలు.

అయింది. మీరు కూడా మారతారన్న ధైర్యంతో దూకేశాను.

నర్సు మంచిదే. మందు చల్లగా ఉంటే నొప్పెక్కువని ముందే ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టింది. తర్వాత ఆ సీసాని పట్టుకుని ఊపుతుంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి. "కండ వదులు చెయ్యండి సార్" అంది. నేను వదులు చేశాననే అనుకున్నాను. "సార్, కాలు ఎందుకు నొక్కుతున్నారు?" అంది. చూస్తే కుడికాలు నేలని బలంగా తొక్కిపెట్టి ఉంది. జీవితమంతా పక్కవాడి కారుకి బ్రేకు వేసిన కాలు కదా, సూదికి కూడా బ్రేకు వేయబోయింది. సూది ఆగలేదు.

ఒంటికి రెండు పక్కలా చెరొకటి. అంతకంటే వివరం వదిన గారికి అక్కర్లేదు.

నొప్పి రెండు మూడు రోజులుంటుందన్నారు. ఉంది. దారిలో స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా నాకు తెలియకుండా "అమ్మా" అంటున్నాను. నేను అమ్మా అనగానే మాస్టారు ఏదో కొంప మునిగిందనుకుని సడన్ బ్రేకు వేస్తారు. దాంతో ఇంకోసారి అమ్మా. మూడు వీధులు అలా వెళ్ళాం. సాయంత్రం ఆయన మా ఓనరు దగ్గరికి వెళ్ళి, "మీ ఇన్‌స్ట్రక్టరు నా డ్రైవింగ్ చూసి ఏడుస్తున్నారండీ, అంత ఘోరంగా ఉందా?" అని అడిగారట. ఓనరు నన్ను పిలిచి శిష్యులని ప్రోత్సహించాలని క్లాసు పీకాడు.

ఇంకొకటి చెప్పాలి, తిట్టకండి. మర్నాడు పొద్దున టిఫిన్ అయ్యాక అలవాటుగా గ్లాసులో నీళ్ళు పోసుకున్నాను. మాత్ర లేదని అప్పుడు గుర్తొచ్చింది. ఉత్త నీళ్ళు తాగేసి మీకు రింగిచ్చాను. మీ రింగు వెంటనే వచ్చింది. పాపం మీరు నిజంగా మాత్ర మింగారు, నేను నీళ్ళు తాగి మిమ్మల్ని మోసం చేశాను.

మీ డాక్టరు ఏమన్నాడు? ఇన్నాళ్ళయినా ఆ ఊసే లేదేం? రెండో డోసు లోపల మీ కబురు రాకపోతే నేను మళ్ళీ మాత్రలకే వెళ్ళిపోతాను. నాకు మాట మీద నిలబడటం చాతనవును. ప్రస్తుతానికి చాతనైంది నిలబడటం ఒక్కటే.

మీ మరిది

*

లినెన్ గది

మరిదికి ఆశీస్సులు.

శుభవార్త! నాకూ ఇచ్చేశారు. రాయటం ఆలస్యమైంది, ఎందుకంటే చేతులు లేవలేదు. రెండు చేతులకీ చెరొకటి పొడిచారు కదా, భుజం కింద ఇంత వాపు. రెండు రోజులు దుప్పటి మడవలేకపోయాను. అటు కొస మా తోటిమనిషి పట్టుకుంటే ఇటు కొస నేను పళ్ళతో పట్టుకున్నాను. సూపర్వైజరు చూసి దండం పెట్టాడు.

మా డాక్టరు ఎంత మంచివాడో. "మీ చేతుల్లో కండ గట్టిదమ్మా" అన్నాడు. ఏళ్ళ తరబడి తడి దుప్పట్లు పిండినదాన్ని అన్నాను. ఆయన ఒకటే నవ్వు. నర్సు కూడా నవ్వింది. అందరం చాలాసేపు నవ్వుకున్నాం.

సీసా చెత్తబుట్టలో పారేశాను. బీపీ తగ్గిపోయిందని అమ్మాయికి చెప్పాలి, మంచి సమయం చూసి చెప్తాను.

కాబట్టి రేపటినుంచి రింగు వద్దు. నువ్వివ్వకు, నేనివ్వను. పాప కూడా ఆ రింగుకి ఉలిక్కిపడుతోంది. నువ్వు బుద్ధిగా రెండో డోసు వేయించుకో. మళ్ళీ మాత్రలూ గీత్రలూ అన్నావంటే ఊరుకోను.

మీ వదిన

*

క్లినిక్ బయట టీ బంకు,
మళ్ళీ నిలబడే

వదిన గారికి,

మీ ఉత్తరం అందినప్పటినుంచి గాల్లో తేలుతున్నాను. పొద్దున రింగివ్వకుండా ఉండటానికి చెయ్యి కట్టేసుకున్నంత పనయింది. అయినా ఇవ్వలేదు. ఇద్దరం గట్టెక్కాం అనుకున్నాను.

ఇవాళ రెండో డోసు. నర్సు సీసా ఊపుతుంటే భయం మరిచిపోవటానికి ఏదో ఒకటి మాట్లాడాలి కదా. మా వదినకి కూడా ఇచ్చారమ్మా, పాపం రెండు చేతులూ వాచిపోయాయట అన్నాను. ఆవిడ ఊపటం ఆపేసింది.

"చేతులకా? ఈ మందు చేతికెలా ఇస్తారండీ? ఇంత మందు ఆ కండలో పట్టదు. ఎక్కడైనా ఇక్కడే ఇస్తారు" అని నాకు తగిలేలా చూపించింది.

వదినా, సిగ్గు విడిచి రాస్తున్నాను. తుంటికి. రెండు పక్కలా అంటే తుంటికి రెండు పక్కలా. తల్లిలాంటి వదినకి ఆ మాట రాయటం మర్యాద కాదని దాచాను. నా మర్యాద మండిపోను. ఈ ఇంజెక్షన్ వేయించుకున్న మనిషికి కూర్చోవటం కష్టమవుతుంది. దుప్పట్లు హాయిగా మడవచ్చు.

మీకు ఇంజెక్షన్ ఇవ్వలేదు. ఎందుకు అబద్ధం చెప్పారో నాకు తెలియదు, అడగను కూడా. ఒక్కటే అడుగుతున్నాను. మాత్ర వేసుకుంటున్నారా? మీరు రింగు వద్దన్నారు, నేను సంతోషంగా మానేశాను. ఒక్క మాట రాయండి చాలు. వేసుకుంటున్నాను అని.

మరిది

*

లినెన్ గది

మరిదికి,

ఒక్కో ఆస్పత్రిది ఒక్కో పద్ధతి. మా దగ్గర చేతికే ఇస్తారు. మీ నర్సుకి అన్నీ తెలుసా?

నా ఒంటి సంగతి నేను చూసుకోగలను. ఇంతకాలం చూసుకోలేదా? నీకు బాగుంది కదా, దాంతో సంతోషంగా ఉండు. ఇక్కడికి ఉత్తరాలు రాయకు. సూపర్వైజరు అందరి ముందూ వేళాకోళం చేస్తున్నాడు, నాకు తల తీసేసినట్టుంది.

వదిన

*

నా గది,
కిటికీ పక్కన

వదిన గారికి,

రాయొద్దన్నారు. రాస్తున్నాను. ఇంతవరకూ మీరు ఏది చెప్పినా విన్నందుకే కదా ఇలా తగలడింది.

వారం రోజులుగా పొద్దున్నే రింగిస్తున్నాను. మీ దగ్గర్నుంచి రావటం లేదు. నిన్న పంతం పట్టి, మీరు ఎత్తేదాకా మోగించాలని కూర్చున్నాను. ఎత్తింది మీ అమ్మాయి.

"బాబాయ్? రోజూ ఒక రింగిచ్చి కట్ చేస్తున్నారు. చెయ్యి తగిలి పోతోందేమో అని అమ్మ అంటుంది. నిజమేనా?"

"అదీ... అమ్మ ఉందామ్మా?"

"స్నానానికి వెళ్ళింది. ఏం చెప్పమంటారు?"

అక్కడ నేను మామూలు మనిషిలా "బాగున్నారా అని అడగటానికి చేశాను" అనచ్చు. "పాప ఎలా ఉంది?" అనచ్చు. వందమందికి కారు నేర్పినవాణ్ణి, నా నోటిని మాత్రం రోడ్డు మీద ఉంచలేను. నేనన్న మాట ఇది. "నీతో చెప్పేది కాదమ్మా. అమ్మకీ నాకూ మధ్య ఉన్న విషయం."

మీ అమ్మాయి "అలాగా" అంది. ఆ అలాగా వేరేగా ఉంది వదినా. ఏదో చెడగొట్టానని తెలుస్తోంది. ఏం చెడగొట్టానో మాత్రం రాత్రంతా ఆలోచించినా తట్టలేదు.

మాత్ర సంగతి మళ్ళీ అడుగుతున్నాను. వేసుకుంటున్నారా?

మరిది

*

హోటల్ వెనక మెట్లు,
లినెన్ గదిలో ఊపిరాడక

నా కొంప ముంచిన మరిదికి,

ఏం చెడగొట్టావో చెప్తాను, కాస్త పట్టుకుని నిలబడు.

నిన్న మా అల్లుడు టీవీ కట్టేశాడు. మా ఇంట్లో టీవీ కట్టేశారంటే ఎవరో పోయారనే అర్థం. అమ్మాయి నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు. "అమ్మా, నువ్వు ఎన్నాళ్ళని ఒంటరిగా ఉంటావు? నీకూ ఒక తోడు కావాలనిపిస్తే తప్పు లేదు. మేం అడ్డు రాం" అంది. నాకేమీ అర్థం కాలేదు. ఎవరి గురించే అన్నాను. అల్లుడు గొంతు సవరించుకుని, "బాబాయ్ గారు మంచివారండీ. ఏ వ్యసనాలూ లేవు. డ్రైవింగ్ కూడా వచ్చు" అన్నాడు.

నువ్వురా! రోజూ రింగులు, హోటల్‌కి ఉత్తరాలు, "అమ్మకీ నాకూ మధ్య ఉన్న విషయం". ఆ మధ్య అల్లుడు గొడుగు ఇవ్వటానికి హోటల్‌కి వస్తే మా సూపర్వైజరు నీ ఉత్తరాల సంగతి కూడా మోసేశాడు. నేను పగలబడి నవ్వాను. సిగ్గుపడుతున్నాననుకున్నారు. కోప్పడ్డాను. దొరికిపోయాననుకున్నారు. ఆదివారం నాటికి మనసు విప్పి చెప్పమన్నారు, ఆ తర్వాత నిన్ను భోజనానికి పిలుస్తారట. కూర్చోగలిగితే రా.

ఇంక నవ్వింది చాలు. నువ్వడిగినదానికి జవాబు రాస్తాను.

నాకు హెపటైటిస్ బి కూడా ఉంది. లివరుకి పట్టే ఇంకో వైరస్. రోజూ వేసుకునే మాత్రలోని మందు దాన్ని కూడా అణచి ఉంచుతోందట. నీ ఇంజెక్షన్ జోడీ దాని జోలికే పోదట. "మీకు మాత్రే మంచిదమ్మా, మానటానికి వీల్లేదు" అన్నాడు డాక్టరు. బయటికొచ్చి బస్టాపులో కూర్చుని ఏడ్చాను. రెండు బస్సులు వదిలేశాను. నీకు చెప్తే నువ్వు మానేస్తావు. నీ బుద్ధి నాకు తెలియదా? అందుకని రెండు చేతులకీ కాగితం మీద పొడిపించుకున్నాను. రెండు పక్కలా అంటే నా బుర్రకి చేతులే తట్టాయి. పొద్దస్తమానం దుప్పట్లు మడిచేదానికి ఇంకేం తడుతుంది.

రింగు ఆగాక కొన్నాళ్ళు వేసుకున్నాను. ఒక రోజు మరిచిపోయాను. ఆ మర్నాడు మరిచిపోలేదు, గుర్తుండే వేసుకోలేదు. పొద్దున మా ఇంట్లో అందరూ పరుగులు. ఎవరి డబ్బా వాళ్ళది, ఎవరి బస్సు వాళ్ళది. అందులో నా మాత్ర సంగతి తెలిసినవాళ్ళెవరూ లేరు. నువ్విచ్చే ఆ ఒక్క రింగూ, నువ్వింకా ఉన్నావా అని ఎవరో అడిగినట్టుండేది. అది పోయాక ఎవరికోసం మింగాలి అనిపించింది. సీసా పారేయలేదు. మూత తీయటం మానేశాను, అంతే. ఇప్పుడు పొద్దున్నే కళ్ళు పచ్చబడ్డాయేమోనని అద్దంలో చూసుకుంటున్నాను. మందు మానేసి అద్దం చూసుకునే తెలివి నాది.

ఆదివారం నేనేం చెప్పాలి? జబ్బు అని చెప్తే పాప నా చేతుల్లోంచి పోతుంది. నువ్వే అని ఒప్పుకుంటే నాలుగు రోజులు నవ్వుతారు, ఆ తర్వాత మరిచిపోతారు. పాప నా దగ్గరే ఉంటుంది.

వదిన

*

డ్రైవింగ్ స్కూలు కారు,
పక్కకి తీసి ఆపి

వదినా,

గారు లేదు, నమస్కారం లేదు. ఈ కాగితం మడిచి పెట్టి ముందు వెళ్ళి డాక్టర్ని కలవండి. ఇవాళే. ఎన్నాళ్ళు మానేశారో దాచకుండా చెప్పండి. మందు ఆపేస్తే లివరు ఒక్కసారిగా తిరగబడుతుందని మా క్లినిక్‌లో కనుక్కున్నాను. నర్సు నన్ను పట్టుకుని, "మీ వదిన గారిని ఇక్కడికి లాక్కురండి" అని కేకలేసింది.

నేను ఎంత వెధవనో విన్నారా? మీ మంచి కోరి ఏర్పాటు చేసుకున్న రింగు అనుకుంటూ వచ్చాను. నాకు ఇంజెక్షన్ రాగానే ఆ రింగు బరువు దిగిపోయిందని పండగ చేసుకున్నాను. అవతల మీరు దాని మీదే నిలబడ్డారని నాకు తోచలేదు. ఇక్కడ నాకూ పొద్దున టిఫిన్ అయ్యాక ఏం చేయాలో తోచటం లేదు. గ్లాసుడు నీళ్ళు తాగి ఫోను వైపు చూస్తూ కూర్చుంటున్నాను. మీకు రాయలేదు, ఎందుకంటే బాగుపడ్డవాడు బెంగపెట్టుకున్నానంటే నవ్వుతారని.

ఆదివారం సంగతి. మీకు అదే సులువనిపిస్తే ప్రేమ అనే చెప్పండి. ఆ నింద నేను మోస్తాను. భోజనానికి వచ్చి, తల వంచుకుని, అల్లుడు గారు అడిగినవాటికి జవాబు చెప్తాను. మీ పెద్దరికానికి మచ్చ రాకుండా నేనే వెంటపడ్డానని కూడా చెప్తాను. కానీ ఒకటి ఆలోచించండి. ప్రేమ అని చెప్తే, రేపు పొద్దున మీ మాత్ర సంగతి ఆ ఇంట్లో మళ్ళీ ఎవరికీ తెలియదు. నేను దూరంలో ఉన్నాను. నా రింగు ఒక్కటీ చాలదని తేలిపోయింది కదా.

మీరు పోతే నాకు ఎవరూ లేరు. ఇందులో వేళాకోళం ఏమీ లేదు.

మాస్టారు పక్కన కూర్చుని, "ఏమిటి సార్, మళ్ళీ ఏడుస్తున్నారు, నేను కారింకా స్టార్టే చెయ్యలేదు" అంటున్నారు.

మరిది

*

అమ్మాయి ఇల్లు,
వెనక గది

మరిదికి,

మొదటిసారి ఇంట్లోనే కూర్చుని నీకు రాస్తున్నాను. తలుపు తీసే ఉంది.

ముందు డాక్టరు. చీవాట్లు పెట్టాడు, నోరెత్తకుండా తిన్నాను. రక్తం తీశారు. లివరు కొంచెం దెబ్బతింది, సమయానికి వచ్చారు అన్నాడు. ఆ సాయంత్రమే మాత్ర మళ్ళీ మొదలుపెట్టాను.

ఆదివారం నీ పేరు చెప్దామనే కూర్చున్నాను. నిజంగా. నోరు తెరిచి "మరిదీ నేనూ..." దాకా వచ్చాను. అక్కడ ఆగిపోయాను. ఏమీ అనుకోకు నాయనా, నీతో ప్రేమ అని చెప్పటం కన్నా జబ్బు పేరు చెప్పటమే పరువుగా అనిపించింది.

చెప్పేశాను. మొత్తం. సీసా తెచ్చి వాళ్ళ ముందు పెట్టాను. అల్లుడు దాన్ని చేతిలోకి తీసుకోలేదు, వంగి చూశాడు. అమ్మాయి ఒక్కటే అడిగింది. "నాన్నకీ?" అంది. అవునన్నాను. వాళ్ళ నాన్న పోయింది జ్వరంతోనని ఇన్నాళ్ళూ దానికి చెప్పాను కదా. దాని మొహం చూడలేకపోయాను. అల్లుడు "మరి పాపకి..." అని ఆగిపోయాడు. ఎత్తుకుంటే రాదు, ముద్దు పెట్టుకుంటే రాదు, ఒకే కంచంలో తింటే రాదు, మాత్ర సరిగ్గా వేసుకున్నన్నాళ్ళూ నా రక్తంలో అది కనిపించనే లేదు అని డాక్టరు చెప్పినవన్నీ పాఠంలా అప్పజెప్పాను. అమ్మాయి లేచి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

పిలుస్తుందేమోనని కూర్చున్నాను. పిలవలేదు. ఈ గదిలోకి వచ్చి సంచి తీసి బట్టలు సర్దటం మొదలుపెట్టాను. నీ దగ్గరికి వద్దామనుకున్నాను, నాకు ఇంకెవరున్నారు. నీకు ఒక కుర్చీ అన్నా ఉందో లేదో అని కూడా అనుకున్నాను.

తలుపు తోసుకుని అమ్మాయి వచ్చింది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. భుజం మీద పాప గుక్కపట్టి ఏడుస్తోంది. "నాకు ఒక్క మాట చెప్పాలనిపించలేదా అమ్మా నీకు? బాబాయ్‌కి చెప్పావు, నాకు చెప్పలేదు. నాకు చాలా కోపంగా ఉంది, నీతో మాట్లాడను" అంది. ఇంకేదో అనబోయి సంచి వైపు చూసింది.

"దీనికి జలుబు, ముక్కు బిగుసుకుపోయింది. నా దగ్గర పడుకోవట్లేదు. ఎత్తుకుని కాస్త తిప్పు, నేను మొహం కడుక్కుని వస్తాను" అని పాపని నా భుజం మీద వేసేసి వెళ్ళిపోయింది.

పాప నా జాకెట్టుకి ముక్కు తుడుచుకుని, రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి నిద్రపోయింది. అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి, ఒక చేత్తో రాస్తున్నాను. అమ్మాయి వచ్చి చాలాసేపయింది, గుమ్మంలో నిలబడి చూస్తోంది. పాపని ఇమ్మని అడగటం లేదు.

వదిన